చేతి పాలిష్

శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వైపు పోయే రోడ్డు పక్కన నేను పనిచేసే బండల దుకాణం ఉంది. దుకాణం అంటే గదీ తలుపులూ ఉండవు. ఖాళీ జాగాలో ఇనుప చట్రాలకు ఆనించి నిలబెట్టిన బండల వరసలు, ఒక మూలకు రేకుల షెడ్డు, బండలు కోసే మిషను, అంతే. తల మీదుగా విమానం దిగుతున్నప్పుడు బేరం ఆగిపోతుంది. అది దాటిపోయాక కొనేవాళ్ళూ మేమూ మాట వదిలిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెడతాం.

వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేది తాండూరు బండకూ షాబాదు బండకూ తేడా ఏమిటని. షాబాదుది వాన మబ్బు రంగు. పాత ఇళ్ళ అరుగుల మీద, పశువుల కొట్టాల్లో, బావి గట్ల మీద ఇప్పటికీ అదే కనిపిస్తుంది. తాండూరులో పసుపుపచ్చది దొరుకుతుంది, నీలం కలిసిన బూడిద రంగుదీ దొరుకుతుంది. కడప బండ నల్లగా ఉంటుంది, వంటగట్టుకు తీసుకుపోతారు. రంగులు వేరు గానీ ఇవన్నీ సున్నపురాళ్ళే. ఈ జాతి రాయినే బట్టీలో కాలిస్తే సున్నమవుతుంది. మట్టి కలిపి కాల్చి పొడి కొడితే సిమెంటుకు పనికొస్తుంది. నా చిన్నప్పుడు దసరాకు ముందు మా అమ్మ పెద్ద కుండలో రాయిసున్నం వేసి నీళ్ళు పోస్తే, కింద మంట లేకుండానే కుతకుతా ఉడికేది. మమ్మల్ని ఆ చుట్టుపక్కలకు రానిచ్చేది కాదు. చల్లారిన సున్నం గోడలకు పోయేది, మిగిలింది డబ్బాలో తమలపాకుల పక్కన చేరేది. కందిరీగ కుడితే అమ్మ అదే పూసేది. కాళ్ళ కింద పరిచే బండా, ఆకులో పెట్టుకునే సున్నమూ ఒకే రాతి పిల్లలని నాకు దుకాణంలో చేరిన చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

దుకాణంలో నా పని బండలు ఏరడం. లారీ దిగిన ప్రతి బండనూ నిలబెట్టి వేళ్ళ కణుపులతో కొట్టి చూస్తాను. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే తడిసిన తలుపును తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. పలకని బండను పక్కకు తీసి ముక్కలు కోయిస్తాం. ఏది సున్నపురాయో ఏది కాదో అనుమానం వస్తే విరిగిన ముక్క మీద నిమ్మకాయ పిండుతాం. సున్నపురాయైతే ఆ చుక్క కింద సన్నగా నురుగు లేస్తుంది.

మా ఆయన బండలు పరిచే మేస్త్రి. దుకాణంలో చేరకముందూ, చేరిన తర్వాత సెలవు దొరికినప్పుడూ ఆయన వెంట పనికి పోయేదాన్ని. సిమెంటూ ఇసుకా మాలు కలిపేదాన్ని, తట్ట మోసేదాన్ని, నీళ్ళు చల్లేదాన్ని. ఆడవాళ్ళకు తాపీ ఇవ్వడం మా పనిలో లేదు. ఎవరూ వద్దని చెప్పరు, ఎవరూ ఇవ్వరు. మధ్యాహ్నం ఆయన అన్నం తిని నడుము వాల్చినప్పుడు నేను దారం చూసుకుని రెండు బండలు పరిచేదాన్ని. లేచాక మా ఆయన వాటి మట్టం చూసేవాడు. మూడో బండ నుంచి తను అందుకునేవాడు. అలా ఎన్నో ఇళ్ళలో నేను పరిచిన రెండేసి బండలు ఉన్నాయి. అవి ఏవో ఆ ఇంటివాళ్ళకు తెలియదు.

మా ఊరి పక్కనే ముప్పై, నలభై కుటుంబాల చిన్న క్రైస్తవ సంఘం ఉంది. వాళ్ళ పాస్టరు భార్యను అందరూ పాస్టరమ్మ అంటారు. నేను అక్కా అంటాను. సాయంత్రాలు ప్రార్థన షెడ్డులో ఆమె ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. ఎవరైనా రావచ్చు. మేము వాళ్ళ సంఘం కాకపోయినా నేను పోయాను. బండల మీద రాసే కొలతలు చదవడం కోసం ఇంకొకరిని పిలవాల్సి రావడం నాకు విసుగు పుట్టించింది. అప్పటికే నా పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఆ షెడ్డులో నేల పగిలిన సిమెంటు. పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కింద నుంచి గరుకు రాళ్ళు గుచ్చుకునేవి. రెండేళ్ళలో చదవడం వచ్చింది, నిదానంగా రాయడమూ వచ్చింది.

ఆ షెడ్డు ఉన్నచోటే సంఘం వాళ్ళు ఇటుకలతో మందిరం కట్టుకున్నారు. పైకప్పు పడింది, కిటికీలు పెట్టారు, నేల మిగిలింది. అక్క బండలు చూడటానికి దుకాణానికి వచ్చింది. పసుపు తాండూరు నచ్చింది.

“మరి పరిచెటోళ్ళను గూడ నువ్వే మాట్లాడి పెట్టు చెల్లె,” అంది.

“నేనే పరుస్త అక్కా,” అన్నాను.

అనుకుని అన్న మాట కాదు. రేకుల షెడ్డులో కూర్చున్న దుకాణం సేటు తలెత్తాడు.

“నువ్వా? ఒక్కదానివి మొత్తం నేలా?”

“మొత్తం.”

సేటు లెక్కల పుస్తకం మూసి నా వైపు తిరిగాడు. “సరే తియ్. పహాడీ షరీఫ్ దిక్కు ఒకళ్ళు వరండా చేయించుకుంటుండ్రు. ఈ నేల మంచిగొస్తే ఆ పని గూడ నీకే ఇప్పిస్త, మేస్త్రి లెక్క. రాలేదనుకో, ఇగ మళ్ల నా ముంగట తాపీ మాట తేవద్దు. బండలు కొట్టుకుంట ఈడనే కూసోవాలె.”

“సరే సేటు.”

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు.

“మరి నేనేం జెయ్యాలె?”

“తట్ట మొయ్యి.”

ఆయనకు పొలమారింది. నీళ్ళు తాగి, తల తట్టుకుని నవ్వాడు. “ఇన్నేండ్లకు పగ తీర్చుకుంటున్నవ్ గదనే,” అన్నాడు. కానీ మరునాడు తలకు తువ్వాలు చుట్టుకుని నాకంటే ముందే బయలుదేరాడు.

మందిరం లోపల నిడివి ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పదహారు. రెండడుగుల బండలు తొంభై ఆరు పట్టాయి. మూలమట్టం చూసి దారం కట్టాను. మాలు పరిచి, బండ దించి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, నీళ్ళ గొట్టంతో మట్టం సరిచూసుకుంటూ పోయాను. మా ఆయన తట్టతో వచ్చి నిలబడి, “మేస్త్రమ్మా, మాలు ఇంత పలచగ చాలా, ఇంకొన్ని నీళ్ళు పొయ్యాల్నా?” అని వంగి అడిగేవాడు. అది నేను ఆయనను అడిగే మాటే, నా గొంతుతోనే అనేవాడు. సంఘంలోని ఒక ముసలాయన రోజూ వచ్చి తలుపు దగ్గర కూర్చునేవాడు.

“ఏమయ్యా మేస్త్రీ, తట్ట మోస్తున్నవేంది?” అన్నాడు మొదటి రోజు.

“డిమోషన్ అయింది తాతా,” అన్నాడు మా ఆయన.

“ఏం తప్పు జేసినవ్?”

“పెండ్లి.”

పరవడం నాలుగు రోజుల్లో పూర్తయింది. బండల కింద మాలు గట్టిపడ్డాక మిషను అతను వచ్చి, గరుకు రాయి నుంచి మెత్తటి రాయి దాకా మూడు చేతులు పాలిష్ పట్టాడు. పసుపు నేల మీద కిటికీల నీడ అద్దంలోలా పడితే చువ్వలు లెక్కపెట్టవచ్చు. సందుల్లో పోసిన సిమెంటు పాలు అక్కడక్కడా బండల మీద తెల్లగా ఆరి ఉన్నాయి. శుక్రవారం వచ్చి తుడుస్తానని అక్కకు చెప్పి బుధవారం తిరిగొచ్చాను. ఆదివారం మందిరం తెరవడానికి వేరే ఊళ్ళ నుంచి పెద్దలు వస్తున్నారు. సేటునూ పిలిచారు.

గురువారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

“చెల్లె, జర వచ్చిపో.”

“ఏమైందక్కా?”

“నేలకు ఏమో అయింది. నువ్వొచ్చి చూడు.”

గడప దగ్గరే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. బాత్‌రూములు కడిగే యాసిడ్. లోపల నలుగురు ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నారు. పాస్టరు నిలబడే ముందు గట్టు నుంచి తలుపు వైపు ఎనిమిది వరసల దాకా నేల తెల్లబారి, బియ్యం కడుగు పోసి ఎండినట్టు ఉంది. వంగి చెయ్యి పెట్టాను. గరగరలాడింది. కిటికీ నీడ పడలేదు. తలుపు పక్క నాలుగు వరసలు మాత్రం మెరుస్తున్నాయి.

“ఎవరు పోసిన్రు?” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

“అందరం కడిగినం,” అంది అక్క.

“అందరు కాదు, నేనే,” అంది వాళ్ళలో చిన్నామె. ఆమె ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని చేస్తుంది. చేతిలో బ్రష్ ఇంకా అలాగే ఉంది. “సిమెంటు మరకలు పోవాలని పోసిన అక్కా. మా దగ్గర టైల్స్ గిట్లనే కడుగుతం. ఆర్నెల్లకోసారి పోస్తం. ఏం గాదు.”

“అది టైలు. ఇది సున్నపురాయి.”

“బండ బండనే గదా అక్కా. పొంగుతుంటే మురికి పోతుందనుకున్న. ఇంకొంచెం పోసిన.”

నాకు కోపం మెడ దాకా వచ్చింది. నోరు తెరిచాను. ఆమె ఏడవడం లేదు. తప్పు చేసినట్టు తల దించుకోనూ లేదు. నిజంగానే అర్థం కాక నా ముఖంలోకి చూస్తోంది. నిమ్మకాయ చుక్కకు నురుగొచ్చే రాయి మీద యాసిడ్ పోస్తే ఏమవుతుందో నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పానా? బుధవారం గడప దిగేటప్పుడు “యాసిడ్ ముట్టొద్దు” అని రెండు మాటలు అనలేదు. మా పనిలో ఎవరూ చెప్పరు. మాకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకుంటాం.

తెరిచిన నోరు మూసుకుని బకెట్టు అందుకున్నాను. ముందు నీళ్ళు, మళ్ళీ నీళ్ళు. కిటికీలన్నీ తీయించి, ఘాటు పోయేదాకా నలుగురితో కడిగించాను. ఈలోపు మా ఆయన వచ్చాడు. చూసి మిషను అతనికి ఫోన్ చేశాడు.

“మిషను కందుకూరు పోయిందట. సోమవారం దాక రాదు,” అన్నాడు.

“పోనీ చెల్లె, చద్దర్లు పరుస్తం,” అంది అక్క. “గట్టు నుంచి తలుపు దాక పరిస్తే ఎవరికీ కనబడదు. సోమవారం మిషను రాంగనే చేయించుకుందం. దేవుడు చద్దరు కింద చూస్తడా?”

“దేవుడు చూడడు అక్కా, సేటు చూస్తడు.”

ఆమెకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. సేటు బండల మనిషి. చద్దరు పరిచి ఉంటే మొదట దాన్నే ఎత్తుతాడు. ఎత్తకపోయినా, నేను పరిచిన మొదటి నేలను నేనే కప్పి కూర్చోవాలి.

మిషను లేని రోజుల్లో బండలు చేత్తోనే అరగదీసేవాళ్ళు. మా ఆయనకు పని నేర్పిన మేస్త్రి కాలంలో అంతే. మిషనుకు బిగించే అరగదీత రాళ్ళు సగం అరిగాక పారేస్తారు. దుకాణం వెనక అవి గుట్టగా పడి ఉంటాయి. సాయంత్రం పోయి రెండు సంచులకు నింపాను. గరుకువి ఒక సంచిలో, మెత్తనివి ఇంకో సంచిలో. బొటనవేలితో రాసి చూస్తే తెలిసిపోతుంది.

శుక్రవారం పొద్దున ఒక బండ దగ్గర కూర్చుని, నీళ్ళు చల్లి, గరుకు రాయితో మొదలుపెట్టాను. తెల్లటి బురద వస్తుంది, దాన్ని కడగాలి, మళ్ళీ రుద్దాలి. గరగర పోయాక మెత్తటి రాయి పట్టాలి. ఒక్క బండకు గంట పట్టింది. పాడైనవి అరవై నాలుగు. మా ఆయన పక్క బండ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మూడో బండ పట్టింది.

“గుండ్రంగ తిప్పు అక్కా. ఒక్క దిక్కే రుద్దితే గీతలు పడతయి.”

“నీకు ‘అ’ దిద్దించేటప్పుడు నేను గూడ గిదే చెప్పిన, గుండ్రంగ తిప్పమని,” అంది అక్క. “అప్పుడు విన్నవా నువ్వు?”

మధ్యాహ్నం నుంచి పనుల మీద నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చున్నారు. కూరగాయలు అమ్ముకునే ఆమె, అంగన్‌వాడీలో వండే ఆమె, ఇంకా ఆరుగురు. శనివారం పొద్దున్నే హోటల్ ఆమె సెలవు పెట్టి, తన తల్లినీ అత్తనూ వెంటబెట్టుకుని వచ్చింది. రాయి అందుకుని, యాసిడ్ ఎక్కువ తిన్న గట్టు ముందరి బండలనే ఎంచుకుని కూర్చుంది. వాళ్ళ అత్త మాత్రం ఊరుకోలేదు.

“నా కోడలు ఇంట్ల ఒక్క గిన్నె గిట్ల తోమితే నా జన్మ ధన్యమైతుండె,” అంది.

“గిన్నె గూడ మాడగొట్టకుండ నువ్వు వండితే తోముత అత్తా,” అంది కోడలు తల ఎత్తకుండానే.

మందిరమంతా నవ్వింది. ఆ నవ్వులో ఆమె గురువారం నుంచి మొదటిసారి నా వైపు చూసింది. నేను ఆమె రాయి తీసుకుని తిప్పి, అరగని వైపు కిందికి వచ్చేలా ఆమె చేతికిచ్చాను.

శనివారం మధ్యాహ్నానికి అరవై నాలుగూ అయ్యాయి. కడిగి, గుడ్డతో తుడిచాం. గరగర పోయింది. అద్దం మెరుపు రాలేదు గానీ, పసుపు రంగు లోపలి నుంచి పైకి తేలి, పేరుకున్న మీగడలా నున్నగా ఉంది. అందరూ నడుములు పట్టుకుని లేచారు.

నేను తలుపు దగ్గర బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించి చూశాను. నేల సరిగా వచ్చిందో లేదో అలా చూస్తేనే తెలుస్తుంది. ఎనిమిదో వరసకూ తొమ్మిదో వరసకూ మధ్య గీత గీసినట్టు ఉంది. అవతల మీగడ, ఇవతల అద్దం. ఒక నేలకు రెండు ముఖాలు.

“కుర్చీలు అడ్డమేస్తే కనబడదక్కా,” అంది హోటల్ ఆమె.

ఆ గీత మీద కిటికీ వెలుగు సూటిగా పడుతోంది. నేను లేచి తొమ్మిదో వరసలో కూర్చుని గరుకు రాయి కోసం చెయ్యి చాపాను.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ నేల మొదలైనప్పటి నుంచి నా మేస్త్రిపని గురించి ఆయన వేళాకోళం లేకుండా మాట్లాడింది అప్పుడే. “మంచిగున్నదాన్ని ఎందుకు ఖరాబు చేస్తున్నవే? ఆ నాలుగు వరసలన్న మిషను పాలిష్ ఉన్నది. సేటు వస్తే అదే చూపియ్యొచ్చు. దాన్ని గూడ చేతిలోకెల్లి పోగొట్టుకుంటవా?”

“ఆ దిక్కును ఈ దిక్కు లెక్క చెయ్యాలంటే ఇప్పుడు మిషను లేదు. ఈ దిక్కును చేత్తోనే ఆ దిక్కు లెక్క చెయ్యొచ్చు.”

“కుదరకపోతే?”

“కుదరకపోతే కొట్టుకుంట కూసుంట బండలు.”

నాకు భయం లేదని చెప్పను. మెరిసే బండ మీద గరుకు రాయి ఆనించాను. మొదటి తిప్పుకే అద్దం పోయింది. ఇక వెనక్కి పోవడానికి లేదు. మా ఆయన తువ్వాలు బిగించుకుని, నీళ్ళ చెంబుతో నా పక్కన కూర్చున్నాడు.

“మేస్త్రి చెప్పినంక ఇగ మాటేముంది,” అని మిగిలినవాళ్ళను పిలిచాడు. “రాండ్రి, ఇంకా ముప్పై రెండున్నయి!”

ఈ బండలను యాసిడ్ తినలేదు కాబట్టి తొందరగా అయ్యాయి. సాయంత్రం ప్రార్థన వేళకు తడి ఆరింది. మళ్ళీ చెంప ఆనించి చూశాను. గీత లేదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియని ఒకే పసుపు నేల.

ఆదివారం నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. చెప్పులు బయట విడిచి జనం లోపలికి వచ్చారు. ఆడవాళ్ళు కొందరు ఎక్కడ పడితే అక్కడ కూర్చోలేదు. తాము రుద్దిన బండను వెతుక్కుని, దాని మీద కూర్చున్నారు. “జర జరుగు, అది నాది,” అని ఒకామె తన ఆడబిడ్డను లేపడం నేను చూశాను. రోజూ తలుపు దగ్గర కూర్చునే ముసలాయన కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. మిషను పాలిష్ అయిన రోజు గోడ పట్టుకుని రెండడుగులు వేసి, జారుతుందని వెనక్కి పోయిన మనిషి. ఈసారి గోడ దాకా పోలేదు. నేల మధ్య నుంచి గట్టు దాకా నడిచి కూర్చున్నాడు.

ప్రార్థనలు అయ్యాక సేటు వచ్చాడు. గడప దగ్గరే ఆగి, ఉత్త పాదాన్ని బండ మీద ముందుకూ వెనక్కూ రాశాడు. కూర్చుని కణుపులతో రెండు చోట్ల కొట్టాడు. తర్వాత, నేను చేసినట్టే, తల వంచి నేల వెంబడి చూశాడు.

“ఇది మిషను పాలిష్ కాదు గదా?”

“కాదు సేటు. చేతి పాలిష్,” అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, యాసిడ్ సంగతీ, ముందుగా నేను చెప్పకపోయిన సంగతీ. ఎవరు పోశారో చెప్పలేదు, ఆయన అడగలేదు.

“అరిగినా జారదు ఇది,” అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. “ఆ వరండా వాళ్ళు వానకు తడిసే జాగా అని పరేషాన్ అవుతుండ్రు. వాళ్ళకు గిట్లాంటిదే కావాలె.” మా ఆయన వైపు తిరిగాడు. “ఎన్ని రోజులు పడతది మేస్త్రీ?”

“నన్నడుగుతరేంది సేటు? నేను తట్ట మోసెటోన్ని,” అన్నాడు మా ఆయన.

సేటు నా వైపు చూశాడు. నేను కూడా రోజులు చెప్పలేదు. చూడని పనికి రోజులు చెప్పకూడదు.

“వరండా ఎంత పొడుగుంటది సేటు? వాన నీళ్ళు ఏ దిక్కు పోవాలె?” అన్నాను.

ఆయన రెండు చేతులూ చాపి, గోడ ఇక్కడ, మెట్లు అక్కడ, నీళ్ళు తూర్పుకు అని చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. నేను అక్క దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఆ రోజు ప్రార్థనలో పంచిన పాటల కాగితం వెనక రాసుకున్నాను. పొడుగు ఇంత, వెడల్పు ఇంత, వాలు తూర్పుకు. వాటన్నిటికంటే పైన కొంచెం జాగా మిగిలింది. అక్కడ రాశాను: ఇంటావిడకు యాసిడ్ సంగతి మొదటి రోజే చెప్పాలి.